చవక సైకిలా, మన్నిక సైకిలా?

గ్రామమునందు ఇంటింటికి పనికివచ్చు వాహనములలో సైకిలు వంటిది మరియొకటి లేదు. దానికి పెట్రోలు అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, మేత అక్కరలేదు. పొలమునకు పోవు రైతు, ఇంటింటికి పాలు పోయు గృహస్థు, పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు బాలిక, తెల్లవారకముందే వీధులు ఊడ్చు పంచాయతీ కార్మికుడు వీరందరికిని అది కాలి సత్తువను పెంచు సాధనము. మోటారు సైకిళ్ళు ప్రతి ఊరికిని వచ్చిన ఈ దినములలో సైతము, కూలిపై జీవించు కుటుంబము అప్పు లేకుండ కొనగలిగిన వాహనము సైకిలే. అందుచేత దానిని కొనుటలో జరుగు పొరపాటు చూచుటకు చిన్నదైనను, దాని ఫలితము ఆ ఇంటికి చిన్నది కాదు.

నేడు సైకిలు కొనదలచినవారికి రెండు మార్గములు కనబడుచున్నవి. వరంగల్లు, కరీంనగరము, మంచిర్యాల వంటి పట్టణములలో పప్పు ఉప్పులు మొదలు బట్టల వరకు ఒకే కప్పు క్రింద అమ్ము పెద్ద దుకాణములలోనో, చేతిలోని ఫోను ద్వారానో, తక్కువ ధరకు దొరకు రంగురంగుల సైకిలు ఒకటి. సైకిళ్ళను మాత్రమే అమ్మి, తానే బిగించి, తానే బాగుచేయు వర్తకుని వద్ద కొంత ఎక్కువ ధరకు దొరకు గట్టి సైకిలు మరియొకటి. ఈ రెండింటిలో ఏది కొనవలెను?

ఈ ప్రశ్న కొనువాని ఒక్కని ఇంటికి సంబంధించినది మాత్రమే కాదు. బడిపిల్లలకు సైకిళ్ళు ఇచ్చెదమని దాతలు ముందుకు వచ్చినపుడు, సిబ్బందికి సైకిళ్ళు కొనవలెనని పంచాయతీ తలచినపుడు, ఏ రకము మేలు అను ప్రశ్న సభ్యుల ముందుకే వచ్చును. ఒకనాడు ఇచ్చిన 20 సైకిళ్ళు ఆరు నెలలలో మూలబడినచో, ఆ మాట 20 ఇండ్లలోను నిలిచిపోవును. కావున ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

మన నేల, మన దారి

ఏ వస్తువు మంచి చెడ్డలైనను అది పనిచేయు చోటును బట్టి యుండును. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ మండలములోని కాళేశ్వరమును దృష్టాంతముగా తీసికొందము. మహారాష్ట్ర సరిహద్దున ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు సంగమస్థలమిది. ఒకే పానవట్టముపై కాళేశ్వర, ముక్తేశ్వర లింగములు రెండు కల క్షేత్రముగా దీనికి ప్రసిద్ధి కలదు. 2025 మే 15 నుండి 26 వరకు ఇచ్చట సరస్వతీ పుష్కరములు జరిగినవి. యాత్రికునికి ఇది పుణ్యస్థలము. ప్రతిదినము ఇచ్చట సైకిలు తొక్కువానికి మాత్రము ఇది నలుగురు శత్రువులు కాచుకొనియున్న చోటు.

మొదటి శత్రువు ఇసుక. నదీతీరపు సన్నని ఇసుక గాలికి లేచి, చైను మీది నూనెలో కలిసి, ఆకురాయివలె లోహమును అరగదీయును. రెండవది బురద. పత్తి పండు నల్లరేగడి తడిసినపుడు చక్రమునకును మడ్‌గార్డుకును నడుమ చేరి చక్రమును కదలనీయదు. మూడవది నీరు. వానకాలమంతయు సైకిలు తడియుచునే యుండును. 2022 జూలై నాటి గోదావరి వరదలో కన్నెపల్లి పంపుహౌసు సైతము మునిగినది. అట్టి వరద నీటిలో ఒక పూట నిలిచిన సైకిలు ఇరుసులలోనికి ఒండ్రు చేరి, గ్రీజు పాడై, త్రుప్పు ప్రవేశించును. నాలుగవది బరువు. 50 కిలోల బియ్యపు బస్తా, రెండు పాల క్యానులు, గడ్డిమోపు, లేదా వెనుక కూర్చున్న మనిషి, ఇవి లేకుండ ఊరి సైకిలు కదలుట అరుదు.

హైదరాబాదులో చదునైన వీథిపై సాయంకాలము అరగంట తిరుగుటకు కొన్న సైకిలు ఈ నాలుగింటిని తట్టుకొనవలసిన పని లేదు. మన సైకిలు తట్టుకొనవలెను. కొనుటకు ముందు మనస్సులో నుంచుకొనవలసిన మొదటి విషయమిదియే.

విడిభాగముల మేలు

1947కు పూర్వము మన దేశములో తిరిగిన సైకిళ్ళలో చాల భాగము ఇంగ్లండునుండి దిగుమతి అయినవి. స్వాతంత్ర్యానంతరము ఈ పరిశ్రమ మన దేశముననే స్థిరపడినది. మద్రాసు సమీపమున అంబత్తూరులో టి.ఐ. సైకిళ్ళ సంస్థ 1949లో ఏర్పడి హెర్క్యులెస్ మొదలగు రకములను తయారు చేసినది. సోనీపత్‌లో అట్లాస్ సంస్థ 1951లో వెలసినది. లుధియానాలో 1956లో ప్రారంభమైన హీరో సంస్థ 1986 నాటికి ప్రపంచములో అన్నిటికంటె ఎక్కువ సైకిళ్ళు తయారుచేయు సంస్థగా గిన్నిస్ పుస్తకమునకెక్కినది.

ఈ సంస్థల పేర్లు వేరైనను, మన పల్లెలలో తిరిగిన నల్లని పెద్ద సైకిలు నమూనా దాదాపు ఒక్కటే. 28 అంగుళముల చక్రము, ఒకటిన్నర అంగుళముల టైరు, ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 పుల్లలు, ఒకే పళ్ళచక్రము, వెడల్పైన చైను, గట్టి క్యారియర్, రెండు కాళ్ళ స్టాండు. ఒక కంపెనీ సైకిలుకు మరియొక కంపెనీ టైరు, చైను, పెడలు, ఇరుసు, గోలీలు సరిపోవుచుండెను. గంటకింతయని అద్దెకు సైకిళ్ళిచ్చు సైకిల్ టాక్సీలు ఊరూర నడచుటకు ఒక ముఖ్య కారణమిదియే. ఒక బండి చెడినచో మరియొక బండి భాగము వేసి నడపవచ్చును.

ఈ పద్ధతి ఎంత మేలైనదో ఒక ఉదాహరణమును బట్టి తెలియును. సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారము 2020 జూన్‌లో మూతపడినది. అయినను ఆ కంపెనీ పాత సైకిళ్ళు దానితో మూలబడలేదు. వాటికి సరిపడు టైరు, ట్యూబు, చైను, ఇరుసు ఇతర కంపెనీలవి దొరకుచునే యున్నవి. కంపెనీ పోయినను సైకిలు బ్రతుకుట మన్నికకు నిజమైన గుర్తు. కావున గ్రామస్థునికి మేలైన సైకిలనగా విదేశపు పేరు గలది కాదు, పాతికవేలు ధర పలుకునది కాదు. మన ఊరి మెకానిక్కు తన పెట్టెలోని రెంచీలతో విప్పి, సమీప పట్టణములో దొరకు సామానుతో బాగుచేయగలిగినదే మేలైనది.

తళుకు క్రింద ఏమున్నది?

పెద్ద దుకాణములోని చవక సైకిలు చూచుటకు ఖరీదైన దానివలెనే యుండును. లావైన గొట్టములు, లావైన టైర్లు, ముందు వెనుక స్ప్రింగులు, అనేక గేర్లు, మెరయు రంగులు. వీటన్నిటిని సమకూర్చి తక్కువ ధరకు అమ్మవలెనన్నచో తయారు చేయువాడు ఎచ్చటనో ఒకచోట తగ్గింపక తప్పదు. కంటికి కనబడుచోట తగ్గింపడు, కనబడనిచోటనే తగ్గించును. ఇరుసులో గోలీలు తిరుగు కప్పు, కోను మెత్తని ఇనుముతో చేసినవైనచో కొలది నెలలలో గుంటలు పడి చక్రము ఊగును. పెడళ్ళు ప్లాస్టిక్‌వి, బ్రేకు పిడులు పలుచని రేకువి అయినచో బలముగా నొక్కినపుడు అవే వంగును, చక్రము ఆగదు.

స్ప్రింగు సంగతియు తెలిసికొనవలెను. ఖరీదైన సైకిళ్ళలో స్ప్రింగుతోపాటు దాని ఊపును అణచు ఏర్పాటు వేరుగా నుండును. చవక సైకిలులో ఉండునది ఉత్త స్ప్రింగు. తొక్కిన ప్రతిసారి అది అణగి లేచుటలో మన శ్రమ కొంత వ్యర్థమగును. పైగా దాని బరువు కూడ మనమే లాగవలెను. బరువు వేయుటకు వెనుక స్ప్రింగు గల సైకిలుకు సరియైన క్యారియర్ అమర్చుట కష్టము.

గేర్లు ఎత్తుపల్లములు గల చోట ఉపయోగమైనవే. కాని వెనుక చక్రము ప్రక్కన క్రిందికి వ్రేలాడు గేరు యంత్రము పత్తికట్టెకో, గట్టుకో తగిలి వంగినచో, తరువాత గేరు మార్చునపుడు పుల్లలలో చిక్కుకొని చక్రమునే విరువగలదు. నదీతీరపు సమతల భూములలో ఒక్క గేరు చాలును. ముందు పళ్ళచక్రమునకు 44, వెనుక దానికి 18 పండ్లు ఉన్నచో, 28 అంగుళముల చక్రము గల సైకిలు ఒక్క తొక్కుకు ఇంచుమించు 5 మీటర్ల దూరము పోవును. సామాన్యముగా మన పనులకు ఇది సరిపోవును.

మరియొక లోపము బిగింపులో కలదు. సైకిలు కర్మాగారమునుండి పెట్టెలో విడివిడిగా వచ్చును. సైకిళ్ళ వర్తకుని వద్ద దానిని బిగించువాడు ఆ పనిలో ఆరితేరినవాడు; రేపు చెడినచో తన వద్దకే తెత్తురని అతడెరుగును. పెద్ద దుకాణములో బిగించువానికి ఆ పని నిన్న అప్పగింపబడి యుండవచ్చును. ఫోను ద్వారా తెప్పించినచో మిగిలిన బిగింపు కొన్నవాని నెత్తినే పడును. ముందు ఫోర్కును వెనుకకు త్రిప్పి బిగించిన సైకిళ్ళు సైతము అమ్మకమునకు నిలుచుట కలదు. మంచి సైకిలైనను బిగింపు చెడినచో చెడ్డదే యగును.

తడిసిన బ్రేకు

మన్నిక డబ్బుకు సంబంధించినది, బ్రేకు ప్రాణమునకు సంబంధించినది. చాల సైకిళ్ళలో బ్రేకు రబ్బరు చక్రపు రిమ్మును ఒరసికొని ఆపును. ఆ రిమ్ము తళతళలాడు ఇనుపదైనచో పొడి వాతావరణములో బాగుగనే పనిచేయును. వానలో తడిసినపుడు రబ్బరు జారిపోవును. పొడి దారిలో ఆగిన దూరమునకు కొన్ని రెట్లు ముందుకు పోయిన పిమ్మట గాని సైకిలు ఆగదు. అల్యూమినియం రిమ్ముపై ఈ దోషము చాల తక్కువ. రెండింటిని గుర్తించుటకు ఒక చిన్న అయస్కాంతము చాలును. ఇనుప రిమ్ముకు అది అంటుకొనును, అల్యూమినియం రిమ్ముకు అంటుకొనదు. ఇనుప రిమ్ము గల సైకిలు ఇదివరకే ఇంట నున్నచో దానిని పారవేయనక్కరలేదు. వానలో నెమ్మదిగా పోవలెను. ఆపవలసిన చోటికి చాల ముందుగనే బ్రేకును మెల్లగా అదిమి, రిమ్ముపై తడిని తుడిచిపెట్టవలెను.

డిస్కు బ్రేకు వానలో బాగుగ పనిచేయునను మాట నిజమే. కాని దాని పలక వంగినను, అందలి ప్యాడు అరిగినను మన ఊరిలో బాగుచేయువారు కలరా అని ముందు విచారింపవలెను. బాగుచేయువారు లేనిచోట ఎంత మంచి బ్రేకైనను కొంతకాలమునకు బ్రేకు లేని సైకిలే మిగులును.

ఇసుక లారీలు రాత్రింబగళ్ళు తిరుగు రహదారిపై, చీకటిలో పోవు సైకిలు వెనుకనుండి వచ్చువానికి కనబడవలెను. అందులకే సైకిలుకు ముందు, వెనుక, పెడళ్ళకు, చక్రములకు వెలుతురు పడగానే మెరయు బిళ్ళలు అమర్చుదురు. 2020 నాటి ఉత్తర్వు ద్వారా కేంద్ర ప్రభుత్వము ఈ మెరుపు బిళ్ళలకు ప్రమాణ ముద్ర ఆవశ్యకమని నిర్ణయించినది. కొనునపుడు ఆ బిళ్ళలపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదేమో చూచుట మరువరాదు.

ధర వేరు, ఖర్చు వేరు

ఇక లెక్క చూతము. దుకాణములో చెల్లించునది ధర. సైకిలు పారవేయునాటి వరకు దానిపై పెట్టిన మొత్తము ఖర్చు. ఈ రెండును ఒకటి కావు. లెక్క కొరకు కొన్ని అంకెలు అనుకొందము. చవక సైకిలు రూ. 4,500 కు వచ్చి, ప్రతిదినము బరువు మోయు పనిలో రెండేండ్లు నిలిచినదనుకొందము. నెలకు రూ. 100 మరమ్మతుకగునని అనుకొందము. పదేండ్లలో అట్టివి ఐదు కొనవలెను. సైకిళ్ళకు రూ. 22,500, మరమ్మతుకు రూ. 12,000, వెరసి రూ. 34,500. గట్టి సైకిలు రూ. 7,500 కు వచ్చి పదేండ్లు నిలిచినదనుకొందము. నెలకు రూ. 50 చొప్పున మరమ్మతుకు రూ. 6,000, మూడుసార్లు టైర్లు, ట్యూబులు, చైను మార్చుటకు రూ. 4,500, వెరసి రూ. 18,000. ఆనాడు మిగిలినట్లు కనబడిన రూ. 3,000 వలన పదేండ్లలో రూ. 16,500 నష్టము కలిగినట్లయినది. సైకిలు చెడి పనికి పోలేని దినముల కూలి ఇందులో చేర్చలేదు.

ఈ అంకెలు లెక్క విధానమును చూపుటకు మాత్రమే. సభ్యులు తమ ఊరి మెకానిక్కును, తమ ఊరిలో సైకిలు వాడువారిని అడిగి, నిజమైన అంకెలు వేసికొని చూడవలెను. ఒక్కొక్కచోట తేడా తగ్గవచ్చును, పెరుగవచ్చును. కాని ధరను కాక, ఏడాదికగు ఖర్చును పోల్చవలెనను సూత్రము మారదు.

అయినను ఒక కష్టమును ఒప్పుకొనక తప్పదు. చేతిలో నాలుగున్నర వేలు మాత్రమే యున్నవానికి పదేండ్ల లెక్క చెప్పిన ప్రయోజనమేమి? పేదవాడు చవక వస్తువు కొనునది తెలియక కాదు, ఆనాటికి అంతే గలదు గనుక. అట్టివారికి రెండు దారులు కలవు. మహిళా సంఘములోని పొదుపునుండి చిన్న అప్పు తీసికొని, మిగిలిన మొత్తమును నెలనెల తీర్చుట ఒకటి. పాతదైనను గట్టి సైకిలు కొని బాగుచేయించుట రెండవది. చట్రము విరుగక, వంగక యున్న పాత పెద్ద సైకిలుకు టైర్లు, చైను, గోలీలు, బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించినచో, క్రొత్త చవక సైకిలుకంటె తక్కువ ఖర్చులో ఎక్కువ కాలము నడచును. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళపైన, వాటి విడిభాగములపైన జి.ఎస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. పన్నుకు ముందు ధర రూ. 7,000 గల సైకిలుపై దీనివలన రూ. 490 మిగులును. ఆ మిగులు కొనువానికి దక్కినదో లేదో రసీదులో చూచుకొనవలెను.

ఎవరికి ఏది?

అందరికిని ఒకే సైకిలు తగదు. రెండేండ్లలో ఎదిగిపోవు చిన్నపిల్లవానికి ఖరీదైన సైకిలు అనవసరము. ఇంటి ముందట తిరుగుటకు చవకదో, పొరుగింటివారు వాడి విడిచినదో చాలును; అయితే బ్రేకు మాత్రము సరిగా నుండవలెను. వారమునకొకనాడు అంగడికి పోవు వృద్ధునికి సైతము తక్కువ ధరది సరిపోవచ్చును.

ప్రతిదినము రెండు మూడు మైళ్ళు పోయి వచ్చు విద్యార్థినికి తేలికైనది, చైన్ కవరు గలది, ఎక్కి దిగుటకు వీలైన వంపు చట్రము గలది, పుస్తకముల సంచికి బుట్టయో క్యారియరో గలది కావలెను. పాలు, కూరగాయలు, బస్తాలు మోయువానికి పెద్ద చక్రములు, ఎక్కువ పుల్లలు, రెండు కాళ్ళ స్టాండు గల పాత నమూనా సైకిలుకు మించినది లేదు. పంచాయతీ కార్మికుని సైకిలు చేతులు మారుచుండును గనుక అందరికంటె గట్టిది కావలెను. ప్రతిదినము వాడబడునది, బరువు మోయునది, జీవనాధారమైనది ఏదో, అచ్చట ఆదా చేయరాదు. మిగిలినచోట ఆదా చేయుట తప్పు కాదు.

ఇతర చోట్ల అనుభవము

సైకిలు వలన గ్రామ జీవనమున ఎంత మార్పు కలుగునో మన దేశముననే చూచితిమి. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాతి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. స్త్రీల సైకిళ్ళు చాలినన్ని దొరకక చాలమంది పురుషుల సైకిళ్ళనే తొక్కిరి. బిహారులో 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు డబ్బు ఇచ్చు పథకము ప్రారంభమైనది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రవేత్తలు 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, దీనివలన ఉన్నత పాఠశాలలో చేరు బాలికలు 32 శాతము పెరిగిరి. బాలబాలికల నడుమ అంతరము 40 శాతము తగ్గినది. ఈ మేలు ఎక్కువగా కలిగినది పాఠశాల దూరమైన గ్రామములలో. మన మండలములోని దూరపు గ్రామములకు ఇది ఎంత వర్తించునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక చవకకు, మన్నికకు గల భేదమును ఆఫ్రికా అనుభవము తెలుపును. 2004 నాటి సునామీ తరువాత శ్రీలంకలో సైకిళ్ళు పంచుటకు 2005లో వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అను సంస్థ ఏర్పడినది. తరువాత అది జాంబియా మొదలగు ఆఫ్రికా దేశములలో ప్రవేశించినది. అచ్చటి మట్టి దారులపై, బరువుల క్రింద సామాన్యమైన చవక సైకిళ్ళు నిలువలేదు. అందుచేత ఆ సంస్థ బఫెలో, అనగా దున్నపోతు, అను పేర ఒక గట్టి సైకిలును తయారుచేయించినది. దానికి తళుకులు లేవు. ఇనుప చట్రము, 100 కిలోలు మోయు క్యారియర్, వెనుకకు తొక్కగానే ఇరుసు లోపల పట్టుకొను బ్రేకు. ఆ బ్రేకు వానకు చెడదు. అంతతో ఊరకుండక గ్రామములలో మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి, విడిభాగములు దొరకు ఏర్పాటు చేసినది. జాంబియాలో బడిబాలికలకు ఈ సైకిళ్ళిచ్చి జరిపిన పరిశోధనలో ప్రయాణకాలము మూడవ వంతు, గైర్హాజరు నాలుగవ వంతుకు పైగా తగ్గినవి.

సైకిలు ఇచ్చినంత మాత్రమున పని పూర్తి కాదు, దానిని నడచునట్లు ఉంచువాడు కూడ ఊరిలో నుండవలెనని ఈ అనుభవము బోధించుచున్నది.

పంచాయతీ చేయవలసినది

1. ధర అడుగుటకు ముందు కావలసిన సైకిలు వివరములను కాగితముపై వ్రాయవలెను. చక్రపు కొలత, పుల్లల సంఖ్య, రిమ్ము లోహము, బ్రేకు రకము, క్యారియర్ మోయవలసిన బరువు, స్టాండు, మడ్‌గార్డులు, చైన్ కవరు, బెల్లు, ముద్ర గల మెరుపు బిళ్ళలు ఇవన్నియు అందులో నుండవలెను. తక్కువ ధర చెప్పినవానికే ఇవ్వవలెనను నియమము, ఈ వివరములకు సరిపడు సరుకు తెచ్చినవారి మధ్యనే వర్తింపవలెను. వివరములు వ్రాయనిచో, అందరికంటె నాసిరకము తెచ్చినవాడే అందరికంటె తక్కువ ధర చెప్పును.

2. ఊరిలోని సైకిలు మెకానిక్కును సంప్రదింపవలెను. ఏ టైరు కొలత తన వద్ద దొరకును, ఏ రకము త్వరగా చెడుచున్నదను సంగతి అతనికి తెలిసినంతగా వేరొకరికి తెలియదు.

3. మొత్తము కొనుటకు ముందు ఒక్క సైకిలు తెప్పించి, బస్తా వేసి, ఊరి దారిలో నెల దినములు నడిపి చూడవలెను.

4. సరుకు దిగినపుడు ఒక్కొక్క సైకిలును పరీక్షింపవలెను. చక్రమును లేపి త్రిప్పినచో రిమ్ము అటునిటు ఊగరాదు. చక్రమును ప్రక్కలకు కదిపినచో ఇరుసు వద్ద వదులు తెలియరాదు. పుల్లలను వ్రేలితో మీటినచో దాదాపు ఒకే ధ్వని రావలెను. ముందు బ్రేకు నొక్కి సైకిలును త్రోసినచో ముందు చక్రము కదలరాదు; బ్రేకు పిడి హ్యాండిలుకు తగులరాదు. ఫోర్కు వంపు ముందుకు ఉండవలెను. ఈ పరీక్షకు ఐదు నిమిషములు చాలును.

5. కొత్త సైకిలు పుల్లలు, పెడలు కడ్డీల బిగింపులు మొదటి దినములలో కొంత వదులగుట సహజము. కావున పదిహేను దినములకు ఒకసారి ఉచితముగా బిగించు బాధ్యతను అమ్మినవానిపై ఉంచి, ఆ సంగతి కొనుగోలు పత్రములో వ్రాయించవలెను.

6. పంచాయతీ కార్యాలయము వద్ద ఒక గాలి పంపు, ఒక నూనె డబ్బా ఉంచవలెను. గాలి తగ్గిన టైరుతో బరువు మోయుట వలన టైరు, రిమ్ము రెండును పాడగును. ఇసుక నేలలో వారమునకొకసారి చైనును గుడ్డతో తుడిచి, కొలదిగా నూనె వేయుట అలవాటు చేయవలెను. వరదలో మునిగిన సైకిలును ఎండబెట్టి ఊరకుండక, ఇరుసులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించవలెను.

7. దాతలు ముందుకు వచ్చినపుడు సంఖ్యను గూర్చి గాక మన్నికను గూర్చి వారితో మాట్లాడవలెను. ఏడాదిలో మూలబడు 30 సైకిళ్ళకంటె పదేండ్లు తిరుగు 20 సైకిళ్ళు మేలు. ఫొటోలో 30 సైకిళ్ళే బాగుండును. మరుసటి సంవత్సరము బడికి పోవు దారిలో 20 సైకిళ్ళే కనబడును.

కూలికి పోవువాని సైకిలు చెడిన దినమున అతడు కూలి పోగొట్టుకొనును. బాలిక సైకిలు చెడిన దినమున బడి పోవును. వరుసగా పది దినములు పోయినచో, ఇంక ఆ బడి దూరమని, ఆడపిల్లకు అంత దూరమేలయని ఇంటిలో మాట పుట్టును. ఆ మాట పుట్టకుండ చేయుట మన చేతిలో నున్నది. ధరల జాబితా ముందుంచుకొని కూర్చున్న పంచాయతీ సభ్యుడు తాను కొనునది ఇనుమును, రబ్బరును కాదనియు, ఆ బాలిక మరి రెండు మూడు సంవత్సరముల చదువుననియు తలచినచో, ఏ సైకిలు ఎన్నుకొనవలెనో అతనికే తెలియును.